గాలిమాటకూ ఒక లెక్కుంది

(రాప్తాడులో గ్రామ కార్యకర్తల తరగతిలో చేసిన ఉపన్యాసం పాఠం)

 

ఈ పొద్దు మాకిచ్చిన అంశం పుకార్లు. పుకారు మీద ఉపన్యాసమేంది, గాలిమాట గాల్లో పుట్టి గాల్లోనే పోతుంది కదా అని మీలో కొందరికి అనిపించొచ్చు. మేము చెప్పదల్చుకున్నది సరిగ్గా దానికి వ్యతిరేకం. గాలిమాట గాల్లో పోదు. మనుషుల నోళ్ళ మీదుగా పోతుంది. ఎవరింటికి ఎవరు పోతారు, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు, ఎవరి చేతి నీళ్ళు ఎవరు తాగుతారు అన్నదాన్ని బట్టి పోతుంది. మన దేశంలో ఆ దారులు వేసింది కులం. కాబట్టి పుకారు లెక్క తీస్తే కులం లెక్క బయటపడుతుంది. ఇదీ మా వాదన. దీన్ని లెక్కతోనే చూపిస్తాం. లెక్క అనగానే భయపడొద్దు. వారం కూలిని వేళ్ళ మీద లెక్కపెట్టుకునే వాళ్ళందరికీ ఈ లెక్క వస్తుంది.

ఇది కాలక్షేపానికి చెప్పే సంగతి కాదు. పుకారు పుట్టిన రాత్రి తలుపులు ఎవరివి విరుగుతాయో, వీపులు ఎవరివి పగులుతాయో మీకు తెలుసు. పుకారు పుట్టించినోడి ఇల్లు కాలిన సంగతి మేమైతే వినలేదు.

దోమ దగ్గర మొదలైన లెక్క

ఈ లెక్క పుట్టుకకు మన తెలుగు నేలతో సంబంధం ఉంది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. దానికి 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. బడి పుస్తకాల్లో ఇంతవరకే ఉంటుంది. ఆ తర్వాత ఆయన చేసిన పని ఇంకా పెద్దది. ఒక ఊళ్ళో మలేరియా పోవాలంటే దోమలన్నిటినీ చంపాల్నా? అక్కర్లేదని లెక్కకట్టి చూపించినాడు. దోమల సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు, మిగిలిన దోమలు ఎగురుతూనే ఉన్నా జబ్బు తనంతట తాను తగ్గిపోతుంది. ఈ 'హద్దు' అనే మాటను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అనే ఇద్దరు ఈ లెక్కను అంటురోగాలన్నిటికీ విస్తరించినారు. వీళ్ళలో మెక్‌కెండ్రిక్ మన దేశంలోనే ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసినోడు. తమ లెక్క సరిగ్గా ఉందా లేదా అని చూసుకోవడానికి వాళ్ళు తీసుకున్నది 1905-06 బొంబాయి ప్లేగు చావుల పట్టికను.

1964లో డేలీ, కెండాల్ అనే గణిత శాస్త్రజ్ఞులు ఇంగ్లండులో ఒక ప్రశ్న వేసినారు. జబ్బు మనిషి నుంచి మనిషికి అంటుకుంటుంది, పుకారు కూడా అంతే కదా, రెండింటికీ ఒకే లెక్క సరిపోతుందా అని. సరిపోదని తేలింది. జబ్బు మనిషి కొన్నాళ్ళకు తనంతట తానే కోలుకుంటాడు, లేదా చనిపోతాడు. పుకారు మోసేవాడు అట్లా కాదు. ఎదుటి మనిషి మొహం చూసి ఆపుతాడు.

వాళ్ళు ఊరిని మూడు రకాలుగా విడదీసినారు. ఒకటి, ఇంకా విననివాళ్ళు. రెండు, విని చెప్పుకుంటూ తిరిగేవాళ్ళు. మూడు, విన్నారు గానీ చెప్పడం మానేసినవాళ్ళు. లెక్కలోని నియమాలు మనకు రోజూ కళ్ళ ముందు కనపడేవే. చెప్పేవాడు విననివాడికి చెప్తే వాడూ చెప్పేవాడౌతాడు. చెప్పేవాడికి ఇదివరకే విన్నవాడు ఎదురై, 'ఓ, అదా, నాకు పొద్దున్నే తెలుసు' అన్నాడంటే ఇతనికి ఉబలాటం చచ్చిపోతుంది, ఇంకెవరికీ చెప్పడు. అంతే. ఈ రెండు నియమాలతో ఊరంతా ఒకరికొకరు కలుసుకుంటూ పోతే చివరికి ఏమౌతుంది? నూటికి 80 మంది వింటారు. 20 మంది చెవిలో అది ఎప్పటికీ పడదు. ఊరు చిన్నదైనా పెద్దదైనా దాదాపు ఇంతే.

ఈ 80లో మనకు పనికొచ్చే పాఠాలు రెండున్నాయి.

మొదటిది. ఈ లెక్కలో పుకారు ఆగింది అబద్ధమని తేలినందుకు కాదు, పాతబడినందుకు. ఆ 80 మందిలో ఒక్కరు కూడా దాన్ని కాదనుకోలేదు. నోరు మూసుకున్నారే గానీ మాట కడుపులో అట్లే ఉంది. అందుకే ఊళ్ళో పుకారు సద్దుమణిగింది, ఇంక ఫరవాలేదు అని పోలీసులు పికెట్ ఎత్తేస్తే మనం నమ్మకూడదు. చల్లారిన పొయ్యిలో నిప్పు బూడిద కింద ఉంటుంది. మూడు నెలల తర్వాత జాతరలోనో, సినిమా దగ్గరో, పశువు పొలంలో పడినప్పుడో అది మళ్ళీ రాజుకుంటుంది.

రెండోది. జబ్బుకైతే హద్దుంది. ఆ హద్దు కిందికి దించితే తగ్గుతుంది. డేలీ, కెండాల్ల లెక్కలో పుకారుకు అట్లాంటి హద్దే లేదు. ఎందుకంటే ఆ లెక్కలో ఉన్న మనుషులు విన్న ప్రతిదాన్నీ నమ్ముతారు. 'నువ్వు చూసినావా?' అని అడిగే మనిషి ఆ లెక్కలో లేడు. అడిగే మనిషిని లెక్కలోకి తెస్తే ఏమౌతుందో ఇప్పుడు చూద్దాం.

మూడు, రెండు, ఒకటి

ఇది వేళ్ళ మీద చేసే లెక్క. ఒక మనిషి ముగ్గురికి చెప్పినాడు అనుకుందాం. ఆ ముగ్గురు తలా ముగ్గురికి చెప్తే తొమ్మిది. తర్వాత 27, 81, 243. అయిదు మెట్లు ఎక్కేసరికి మొదటివాడితో కలిపి 364 మంది నోళ్ళలో పడింది. ఒక మోస్తరు పల్లె మొత్తం అయిపోయినట్టే. పొద్దున బస్టాండు దగ్గర పుట్టిన మాట పొద్దుగూకేలోపు ఊరు దాటుతుందంటే ఇందుకే.

ఇప్పుడు ప్రతి ముగ్గురిలో ఒక్కరు, 'ఎవరు చూసినారప్పా? ఎప్పుడు? ఏ ఊళ్ళో?' అని అడిగి, జవాబు రాక, ఎవరికీ చెప్పకుండా ఊరకున్నారు అనుకుందాం. అప్పుడు మూడు బదులు రెండు. 1, 2, 4, 8, 16, 32. అయిదు మెట్లకు మాట మోసినవాళ్ళు 63 మంది. 364 ఎక్కడ, 63 ఎక్కడ!

ముగ్గురిలో ఇద్దరు అట్లా అడిగితే? 1, 1, 1, 1, 1, 1. అయిదు మెట్లకు ఆరుగురు. ఇంక ఆ ఒక్కడు కూడా ఎక్కడో ఒకచోట ఆగితే పుకారు అక్కడికక్కడే చస్తుంది.

రాస్ చెప్పిన హద్దు ఇప్పుడు దొరికింది. అందరి నోళ్ళూ మూయించాల్సిన పనిలేదు. ఊరంతా చదువుకున్నవాళ్ళు కానక్కర్లేదు. ఒక్కో మనిషి సగటున ఒకరి కంటే తక్కువమందికి మోసేటట్టు చేస్తే చాలు. 'పుకార్లను ఎవరాపగలరు' అనేవాళ్ళకు ఇదే జవాబు. దోమలన్నీ చావక్కర్లేదు.

రెండు గ్లాసులు, రెండు వార్తలు

అయితే ఈ లెక్కలన్నిట్లో ఒక పెద్ద లోపముంది. అది మన కంటికి వెంటనే కనపడుతుంది, ఇంగ్లండు దొరల కంటికి కనపడలేదు. ఊళ్ళో ఎవరైనా ఎవరికైనా సమానంగా ఎదురుపడతారని వాళ్ళు అనుకున్నారు. ఏ ఊళ్ళో అట్లా జరుగుతుంది? రచ్చకట్ట మీద కూర్చునే హక్కు ఎవరికుంది? టీ బంకు లోపల బల్ల మీద ఎవరు కూర్చున్నారు, బయట మట్టిలో గొంతుక్కూర్చొని ఎవరు తాగినారు? రెండు గ్లాసుల పద్ధతిని మనం అవమానంగానే చూస్తాం, అది నిజంగా అవమానమే. దాంట్లో ఇంకో సంగతి కూడా ఉంది. రెండు గ్లాసులు ఉన్నచోట రెండు వార్తలు ఉంటాయి. లోపల బల్ల మీద మన గురించి నడిచే మాట బయట కూర్చున్న మనకు వినపడదు.

దీనికి లెక్క కూడా ఉంది. మన అనంతపురానికి పక్కనే ఉన్న కర్ణాటకలో 75 పల్లెల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, అరుణ్ చంద్రశేఖర్, మాథ్యూ జాక్సన్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞులు ఇల్లిల్లూ తిరిగి అడిగించినారు. మీరు ఎవరింటికి పోతారు? మీ ఇంటికి ఎవరొస్తారు? బియ్యం, కిరోసిన్ ఎవర్ని బదులడుగుతారు? డబ్బు ఎవర్ని అడుగుతారు? గుడికి ఎవరితో పోతారు? సలహా ఎవర్ని అడుగుతారు? ఆ జవాబులతో ప్రతి ఊరికీ ఒక వల బొమ్మ గీసినారు. ఇల్లు ఒక చుక్క, పోవడం రావడం ఒక గీత. ఆ పరిశోధన 2013లో అచ్చయింది. ఆ సమాచారంతో జాక్సన్ తర్వాత తన పుస్తకంలో చూపించిన ఊరి బొమ్మ చూస్తే ఊరు ఒకటిగా కనపడదు. ఎస్సీ ఎస్టీ ఇళ్ళు ఒక గుంపు, మిగతా కులాల ఇళ్ళు ఇంకో గుంపు. గుంపు లోపల గీతలు చిక్కుపడిన దారంలాగా ఉంటాయి. రెండు గుంపుల మధ్య గీతలు వెతుక్కోవాల్సిందే.

ఈ బొమ్మను చూడటానికి వాళ్ళకు కంప్యూటర్లు కావాల్సి వచ్చింది. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో ఈ సంగతి చెప్పినాడు. మంచి సమాజమంటే ఒక మూల జరిగిన మార్పు ఇంకో మూలకు పారడానికి కాలువలు నిండుగా ఉండే సమాజమని ఆయన భావం. కులం చేసే పని ఆ కాలువలను పూడ్చడం. మన దగ్గర చెరువు నీళ్ళే కాదు, మాట కూడా పైకులాల మడి తడిసినాకే మన దాకా వస్తుంది. ఒక్కోసారి రాదు.

దీని ఫలితమేంది? మన మీద పుట్టిన పుకారు ఊరి గుంపులో గంటలో నూటికి 80 మందికి చేరుతుంది. దాన్ని కాదనగలిగిన మనుషులు, అంటే మనం, ఆ గుంపులో ఒక్కరం కూడా ఉండం. 'చూసినావా?' అని అడిగేవాడు లేడు. ఆ మాట మన వాడకు చేరేసరికి అది మాటగా రాదు, కట్టెలు పట్టుకొని వస్తుంది.

చుండూరును గుర్తు తెచ్చుకోండి. అప్పటి గుంటూరు జిల్లాలో, 1991లో. సినిమా హాల్లో కాలు తగిలిందన్న చిన్న తగాదా. అది ఊరి నోళ్ళలో తిరిగి తిరిగి, దళిత కుర్రాళ్ళు మా ఆడవాళ్ళ జోలికొస్తున్నారన్న ప్రచారంగా మారింది. సాంఘిక బహిష్కరణ పెట్టినారు. అంటే ఉన్న కాసిని గీతలు కూడా తెంపేసినారు. పని లేదు, పలకరింపు లేదు. లెక్క ప్రకారం చూస్తే బహిష్కరణ అనేది పుకారుకు రాజమార్గం. ఎదురుమాట వచ్చే దారులన్నీ మూసుకుపోతాయి కాబట్టి. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను వేటాడి చంపి, గోనె సంచుల్లో కుక్కి కాలువలో పడేసినారు. 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చుండూరు హత్యలకు కారణం పుకారు అని మేము అనడం లేదు. కారణం కులం, పొగరు, చదువుకొని తలెత్తిన దళిత యువకుల మీద కడుపుమంట. పుకారు ఆ మంటను ఇంటింటికీ మోసిన కాగడా.

కత్తి చేతులు మారుతుంది

పుకారు ప్రయాణంలో ఎట్లా మారుతుందో అమెరికాలో ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు పరీక్షించి 1947లో పుస్తకం రాసినారు. ఒక మనిషికి ఒక బొమ్మ చూపిస్తారు. అతను బొమ్మ చూడని ఇంకొకరికి దాని గురించి చెప్పాలి. ఆ మనిషి ఇంకొకరికి, ఆ ఇంకొకరు మరొకరికి. ఒక బొమ్మలో రైలు పెట్టె ఉంది. అందులో ఒక తెల్లవాడు, ఒక నల్లవాడు నిలబడి మాట్లాడుకుంటున్నారు. తెల్లవాడి చేతిలో మంగలికత్తి ఉంది. సగం కంటే ఎక్కువ పరీక్షల్లో మాట నోళ్ళు మారుతుండగా ఏదో ఒక దశలో ఆ కత్తి నల్లవాడి చేతిలోకి పోయింది!

ఎవరూ కావాలని అబద్ధం చెప్పలేదు. బుర్రలో ముందే ఉన్న బొమ్మకు సరిపోయేటట్టు కంటి ముందున్న బొమ్మను సర్దుకున్నారు, అంతే. మన దగ్గర కత్తి ఏ వాడలోకి పోతుందో వేరే చెప్పాల్నా? దొంగతనమైతే ఏ కులం పేరు, చేతబడి అయితే ఏ ముసలవ్వ పేరు, పిల్లల్ని ఎత్తుకుపోతే ఏ సంచారి పేరు వస్తుందో ముందే రాసిపెట్టి ఉంది. పుకారు ఖాళీగా వస్తుంది, పేరును మాత్రం మనువు ఇస్తాడు.

ఆ పుస్తకంలోనే ఇంకో చిన్న సూత్రం ఉంది. పుకారు బలం రెండింటి గుణకారం: ఆ సంగతి మనకు ఎంత ముఖ్యం, దాని గురించి నిజం ఎంత మసకగా ఉంది. గుణకారం కాబట్టి రెండింట్లో ఏది సున్నా అయినా పుకారు సున్నా. మా కరువు సీమకు దీన్ని అన్వయించి చూడండి. వానను నమ్ముకొని శెనక్కాయ వేసే రైతుకు, కూలికి విత్తనం, ఇన్సూరెన్సు, రేషను, పని ఇవన్నీ ప్రాణమంత ముఖ్యం. ఆ ముఖ్యాన్ని మనం తగ్గించలేం. ఆఫీసుల్లో వాటి గురించి ఒక్క కాగితం తేటగా గోడకు అంటించరు. ముఖ్యం ఎక్కువ, మసక ఎక్కువ. అందుకే విత్తనాల క్యూలో 'స్టాకు అయిపోయిందంట' అన్న ఒక్క మాటకు తొక్కులాట మొదలౌతుంది. జనం మూఢులు కాబట్టి పుకార్లు పుడుతున్నాయని పెద్దమనుషులు అంటారు. నిజం దాచిపెట్టిన చోట పుకారు పుడుతుందని లెక్క అంటుంది.

తలుపు మీద రాత

1990లలో తెలుగు పల్లెల్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న సంగతి మీలో నడివయసు వాళ్ళకు గుర్తుంటుంది. రాత్రిపూట ఒక ఆడ దయ్యం వచ్చి తలుపు కొడుతుందని, పలికినవాళ్ళు చస్తారని, ఆ రాత చూస్తే రేపొద్దామని తిరిగిపోతుందని చెప్పుకున్నారు. కర్ణాటకలో అదే కథ 'నాళె బా' అని నడిచింది. భాష మారింది, దయ్యం మారలేదు.

దీంట్లో లెక్క ఏముంది? 1978లో గ్రానొవెటర్ అనే సమాజ శాస్త్రజ్ఞుడు ఒక సంగతి చూపించినాడు. ఒక పని చేసేముందు ప్రతి మనిషీ ఎంతమంది చేసినారని చూస్తాడు. ఒకరికి ఒక్కరు చేస్తే చాలు, ఇంకొకరికి పదిమంది చెయ్యాలి, మరొకరికి సగం ఊరు చెయ్యాలి. మొదటి తలుపు మీద నిజంగా భయపడినోడు రాసినాడు. రెండోవాడు వాడిని చూసి రాసినాడు. సగం వీధి నిండేసరికి నమ్మకం లేనోడు కూడా, 'పోయేదేముంది, ముక్క సుద్దేకదా' అని రాసినాడు. బయటినుంచి చూసేవాడికి ఊరంతా నమ్మినట్టు కనపడింది. నిజంగా నమ్మింది ఎందరో ఎవరికీ తెలియదు. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని ఢిల్లీలో మొదలైన మాట టెలిఫోన్ల మీద ఒక్క రోజులో దేశమంతా, విదేశాలకు కూడా పాకింది కూడా ఇట్లానే. క్యూ చూసి క్యూ పెరిగింది.

అందుకే చెప్తున్నాం, గుంపులో మొదటి 'కాదు' చాలా విలువైంది. నలుగురు రాయకుండా వదిలేసిన తలుపులు ఉంటే అయిదోవాడికి ధైర్యం వస్తుంది.

జేబులోకొచ్చిన రచ్చకట్ట

ఇప్పుడు రచ్చకట్ట జేబులోకొచ్చింది. లోగడ మనిషి ముగ్గురికి చెప్తే, ఫోనులో ఒక వేలితో మూడు వందలమందికి పంపుతాడు. మన మూడు, రెండు, ఒకటి లెక్కలో మూడు స్థానంలో మూడు వందలు పెట్టుకోండి. 2018లో దేశం ఆ ఫలితాన్ని చూసింది.

పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగినాయని వాట్సాప్‌లో బొమ్మలు తిరిగినాయి. తెలుగు జిల్లాల్లో 'పార్థీ గ్యాంగ్' అన్నారు. పార్థీలు ఎవరు? 1871 నేరస్త తెగల చట్టం కింద బ్రిటిషువాళ్ళు పుట్టుకతోనే దొంగలని ముద్రవేసిన సంచార జాతుల్లో ఒకరు. మన ఎరుకలవాళ్ళకూ అదే ముద్ర వేసినారు. 1952లో ఆ చట్టం పోయింది, ముద్ర పోలేదు. ఆ ఏడాది మే నెలలో హైదరాబాదు చాంద్రాయణగుట్టలో భిక్షమెత్తుకుంటున్న ఒక హిజ్రాను కొట్టి చంపినారు. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడలో అడుక్కోవడానికొచ్చిన అయిదుగురు నాథ గోసావి సంచారులను గదిలో పెట్టి చంపినారు. అదే నెల 13న బీదర్ జిల్లా ముర్కిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు హైదరాబాదు ముస్లిం యువకుడిని చంపినారు. కత్తి ఎవరి చేతిలోకి పోయిందో చూసినారా? ఇల్లు లేనోడు, కులం తెలియనోడు, గడ్డమున్నోడు, చీర కట్టిన మగపుట్టుక. ఊరి వలలో ఒక్క గీత కూడా లేని మనుషులు. వాళ్ళ తరఫున 'ఇతను నాకు తెలుసప్పా' అనే ఒక్క నోరు లేదు.

హత్యల తర్వాత వాట్సాప్ కంపెనీ ఏం చేసిందో చూడండి. 2018 జూలైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒక్కసారికి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. 2019లో అది ప్రపంచమంతా అమలైంది. 2020 ఏప్రిల్‌లో చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒక్కచోటికే పంపేటట్టు చేసింది. అది మనం వేళ్ళ మీద చేసిన లెక్కే. మూడును ఒకటికి దించడం. లాభాల కంపెనీకి కూడా ఆ లెక్క తెలుసు. ప్రాణాలు పోయినాక తెలిసింది.

2018లోనే ట్విట్టర్ మీద అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. 2006 నుంచి 2017 దాకా తిరిగిన 1,26,000 కథనాలను చూసినారు. 1,500 మందికి చేరడానికి అబద్ధానికి పట్టిన కాలం కంటే నిజానికి ఆరు రెట్లు ఎక్కువ కాలం పట్టింది. నిజం దానంతట అదే గెలుస్తుందని ఇంట్లో కూర్చునేవాళ్ళు ఈ సంఖ్యను గుర్తుంచుకోవాల. నిజాన్ని మోయడానికి మనుషులు కావాల.

డప్పు ఎవరిది, మాట ఎవరిది

అదే 2018లో మన పక్కనే జోగులాంబ గద్వాల జిల్లాలో ఒక మంచి పని జరిగింది. ఎండాకాలంలో జనం ఆరుబయట పడుకోవడం మానేసినారని ఒక పోలీసు గమనించినాడు. అక్కడి ఎస్పీ రెమా రాజేశ్వరి ఊరూరికీ ఒక పోలీసును పెట్టి, ఊరి వాట్సాప్ గుంపుల్లో వాళ్ళను చేర్పించి, జానపద పాటలతో, డప్పుతో నాలుగు వందలకు పైగా పల్లెల్లో 'అది అబద్ధం' అని చెప్పించింది. అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ఫోను కంటే డప్పు గెలిచింది. ఆ డప్పు ఎవరిది? మనదే. తరతరాలుగా ఊరికి చాటింపు వేసింది మాదిగ, మాల చేతులే. అయితే డప్పు మనది, మాట రెడ్డిది, కరణానిది. మన గొంతుతో వాళ్ళ హుకుం చాటించినారు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం 'దండోరా' అనే పేరు పెట్టుకుంది. ఆ పేరు పెట్టుకోవడంలోనే తిరుగుబాటు ఉంది: డప్పూ మాదే, మాటా మాదే. 1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పత్రిక పెట్టింది కూడా ఇందుకే. మూగవాళ్ళ మాటను ఇంకెవరూ మోయరు కాబట్టి. మీ చేతిలో ఉన్న ఇట్లాంటి చిన్న పత్రిక కూడా ఆ వలలో ఒక గీతే.

నిజాన్ని పుకారు అన్నప్పుడు

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాల. పుకార్లను ఆపండి అన్న మాటను మన మీదే ప్రయోగిస్తారు. మన ఆడబిడ్డ మీద అత్యాచారం జరిగిందని పోతే, 'పుకార్లు పుట్టించొద్దు' అని గద్దిస్తారు. మన పిల్లోడిని చెట్టుకు కట్టేసి కొట్టినారంటే, 'ఊళ్ళో శాంతి చెడుతుంది' అంటారు. వాళ్ళ పుకారేమో వార్త, మన వార్తేమో పుకారు! లెక్కలో ఈ సంగతి లేదు. చెప్పింది ఎవరన్నదాన్ని బట్టి ఒకే మాట ఒకచోట పరిగెడుతుంది, ఒకచోట కుంటుతుంది.

దీనికి జవాబు కోపం ఒక్కటే కాదు. మన మాట ఎప్పుడూ సాక్ష్యంతో నడవాల. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూసినారు. వాళ్ళను ఏ ప్రశ్న అడుగుతామో ఆ ప్రశ్నకు మన జవాబు ముందే సిద్ధంగా ఉండాల. అప్పుడు మన మాటను పుకారు అనడం వాళ్ళకు కష్టమౌతుంది.

ఏం చెయ్యాల

కార్యకర్తలు ఊళ్ళకు పోయినాక చెయ్యాల్సినవి అయిదు చెప్తాం.

ఒకటి. మీ ఊరి వల బొమ్మ మీరే గీయండి. ఏ గేరి నుంచి ఏ వీధికి ఎవరు రోజూ పోతారు? కలుపుకు పోయే ఆడకూలీల గుంపు, ఆటో అన్న, అంగన్‌వాడీ ఆయా, బడి పంతులు, ఆశా అక్క, టీ బంకు మనిషి. రెండు గుంపుల మధ్య ఉన్న ఆ కొద్ది గీతలే మీకు ముందుగా కబురు తెచ్చే దారులు. మంచి రోజుల్లోనే వాటిని బలపరుచుకోండి. గొడవ రాత్రి కొత్త గీత వెయ్యడం ఎవరివల్లా కాదు.

రెండు. బీసీ కులాల్లో, ముస్లింలలో, పై కులాల పేదల్లో 'చూసినావా?' అని అడగగలిగిన మనిషిని ప్రతి వీధిలో ఒకరిని సంపాదించండి. ముగ్గురిలో ఇద్దరు అక్కర్లేదు అనుకోవద్దు, ఒక్కరితో మొదలుపెట్టండి. 364ను 63 చేసింది ఆ ఒక్కరే.

మూడు. నిజాన్ని ఎవరితో చెప్పించాలో ఊరినే అడగండి. కర్ణాటకలోనే 213 పల్లెల్లో ఆ శాస్త్రజ్ఞులు ఇంకో పరీక్ష చేసినారు. ఒక ఉచిత బహుమతి సంగతిని కొన్ని ఊళ్ళలో పెద్దమనుషులకు చెప్పినారు, కొన్ని ఊళ్ళలో 'ఏ మాటైనా ఊరంతా చేర్చేది ఎవరు' అని జనాన్ని అడిగి వాళ్ళు చూపించిన మనిషికి చెప్పినారు. జనం చూపించిన మనిషికి చెప్పిన ఊళ్ళనుంచే ఎక్కువ ఫోన్లు వచ్చినాయి. మనం 'వాగుడుకాయ' అని ఎగతాళి చేసే అక్కే మన సంఘానికి పెద్ద ఆస్తి. ఆమెకు నిజం ముందు చెప్పండి.

నాలుగు. మసకను తగ్గించండి. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లాలోనే నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించినాడు. పని అడగడం హక్కని, అడిగితే ఇవ్వాలని 2005 చట్టంలో రాసినారు. ఆ అక్షరం తెలిసిన వాడలో పని దొరికింది. తెలియని వాడలో 'మనకు రాదంట' అన్న మాట ఒక్కటే తిరిగింది. 'మనకు రాదంట' అనేది కూడా పుకారే, అన్నిటికంటే పాత పుకారు. ఏ పథకమైనా కాగితం తెచ్చి, గట్టిగా చదివి వినిపించి, గోడకు అంటించండి.

అయిదు. చట్టాన్ని వాడండి. 1989 ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో సవరణ వచ్చి 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చింది. రాతతోగానీ మాటతోగానీ బొమ్మతోగానీ మన మీద ద్వేషం, శత్రుత్వం రెచ్చగొట్టడం దాంట్లో నేరం, మూడో సెక్షన్ ఒకటో సబ్‌సెక్షన్ 'యు' క్లాజు. సాంఘిక బహిష్కరణ కూడా నేరమే. వాట్సాప్ సందేశం వస్తే తుడిచెయ్యకండి, తారీఖు, టైము, పంపినవాడి నంబరు కనపడేటట్టు ఫోటో తీసి దాచండి. ఎవరికీ పంపకండి. అదే సాక్ష్యం.

చివరిగా ఒక్క మాట. మన వాడలో పుట్టే పుకార్లను కూడా ఇదే ప్రశ్నతో ఆపాల. మన ముసలవ్వను మంత్రగత్తె అన్న నోరు మన వాళ్ళదైనా సరే, ఊరికొచ్చిన సంచారి మీద చెయ్యెత్తింది మన పిల్లోడైనా సరే, అడ్డం నిలబడాల. మన మీద పడిన ముద్ర ఎంత మంట పుట్టిస్తుందో తెలిసిన మనమే ఇంకొకరికి ముద్ర వేస్తే అంబేడ్కర్ పేరు పలికే అర్హత మనకుండదు.

ఈ పొద్దు ఇంటికి పోయినాక మొదటి గాలిమాట చెవిన పడగానే మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు చూసినారు? ఎప్పుడు? ఎక్కడ? ఇక్కడున్న ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్నలు ఇద్దరికి నేర్పితే, వాళ్ళు మళ్ళీ తలా ఇద్దరికి నేర్పితే, ఎన్ని మెట్లకు రాప్తాడు మండలం నిండుతుందో ఆ లెక్క మీరే వెయ్యండి. పుకారుకు పనికొచ్చిన లెక్క నిజానికీ పనికొస్తుంది.

జై భీమ్!